తోడల్లుడి మీద దండయాత్ర

ఏలేటిపర్రు ప్రెసిడెంటు రామకోటేశ్వరరావుకు యుద్ధం చెయ్యాలన్న కోరిక బెజవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కల్యాణమండపంలో, పెరుగన్నం తింటుండగా పుట్టింది.

పెళ్లి ఆయన భార్య ఛాయాదేవి పెదనాన్న మనవరాలిది. అక్కడికి ఆయన తోడల్లుడు బసవయ్య కూడా వచ్చాడు. బసవయ్యది మద్దులపాలెం. ఏలేటిపర్రుకు ఎగువన, అదే కాలువ మీద ఉన్న ఊరు. ఆయనా ఆ ఊరికి ప్రెసిడెంటే. ఛాయాదేవి అక్క సీతమ్మను చేసుకున్నాడు కాబట్టి ఆ ఇంటికి పెద్దల్లుడు. పెద్దల్లుడు కావడం ఆయన తప్పు కాదని రామకోటేశ్వరరావుకు తెలుసు. తెలిసినా పాతికేళ్లుగా క్షమించలేకపోతున్నాడు.

భోజనాల దగ్గర మైకు పట్టుకున్నవాడు వచ్చినవాళ్లందరినీ పేరుపేరునా పలకరిస్తున్నాడు. వీడియో లైటు బసవయ్య మొహం మీద పడింది. "మద్దులపాలెం సర్పంచ్ శ్రీ బసవయ్య గారు విచ్చేశారు! వారి పక్కన వారి తోడల్లుడు కూడా ఉన్నారు!" అన్నాడు మైకు అబ్బాయి. అంతే. పేరు లేదు, ఊరు లేదు, పదవి లేదు. పైగా బసవయ్య నవ్వుతూ, "తమ్ముడూ, కాస్త ఇటు జరుగు, ఫొటోలో పడతావు" అన్నాడు.

రామకోటేశ్వరరావు జరగలేదు. పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు ఉయ్యూరు దాటేదాకా ఆయన నోరు విప్పలేదు.

"అరగలేదా ఏంటండీ?" అని అడిగింది ఛాయాదేవి.

"అరగదు. ఇక ఎప్పటికీ అరగదు" అన్నాడాయన, కిటికీలోంచి చెరుకుతోటల వంక చూస్తూ.

అది 2003వ సంవత్సరం. ఆ వేసవిలో ఎక్కడో ఎడారి దేశంలో యుద్ధం జరుగుతోంది. రామకోటేశ్వరరావు ఇంటి వరండాలో రంగుల టీవీ ఉండేది. పొద్దు వాలాక ఊళ్లో సగం మంది అక్కడ చేరి బాంబులు చూసేవాళ్లు. వచ్చినవాళ్లంతా బాంబులు చూస్తున్నారు. ఆయన మాత్రం యుద్ధం మొదలుపెట్టిన వాళ్లు ఎలా మాట్లాడుతున్నారో, ఎలా నిలబడుతున్నారో, వేలు ఎలా చూపిస్తున్నారో చూస్తున్నాడు.

ఏప్రిల్‌లో కాలువకు నీళ్లు వదిలారు. పంటకు కాదు, వేసవి కదా, ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకోవడానికి. ఏటా వదిలేవే. ఏలేటిపర్రు కాలువకు చిట్టచివర ఉన్న ఊరు కాబట్టి అందరి తర్వాత దానికి అందుతాయి. ఈసారి మాత్రం చెరువులోకి వచ్చినవి నీళ్లు అనడానికి వీల్లేదు. కాలువ అడుగున ఒక తడిగీత వచ్చింది. కప్పలు దాని మీద నుంచి ఎగిరితే మట్టి చిందింది.

ప్రెసిడెంటు గట్టు మీద నిలబడి ఆ తడిగీతను చూశాడు. ఊరి పెద్దగా ఆయన మొహం విచారంగానే పెట్టాడు. కానీ లోపల ఎక్కడో ఒక దీపం వెలిగింది.

ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసులో వార్డు మెంబర్లను కూర్చోబెట్టి, తలుపు దగ్గరకు వేయించి, గొంతు తగ్గించి చెప్పాడు: "మద్దులపాలెంవాళ్లు కాలువ గట్టు కింద దొంగ గొట్టం వేశారు. మన నీళ్లు రహస్యంగా లాగేస్తున్నారు."

మెంబర్లలో సుబ్బరత్నం అనే ఆవిడ ఉంది. నాలుగు గేదెలు, వాటికి మించిన నోరు ఆమె ఆస్తి. "మీరు చూశారాండీ ఆ గొట్టం?" అంది.

"రహస్య గొట్టం అంటన్నానా? చూస్తే కనిపిస్తే అది రహస్యం ఎట్టా అయిద్దమ్మా?"

"కనిపించందాన్ని ఉందని ఎట్టా చెప్తన్నారు మరి?"

"కనిపించట్లేదంటేనే ఎంత లోతుగా దాచారో ఆలోచించు!"

సుబ్బరత్నం ఆలోచించింది. "టీవీలో వాళ్లూ ఇట్టాగే చెప్పారు. అక్కడా ఆ దాచిన బాంబులు ఇంకా దొరకలేదంట" అంది. మిగిలిన మెంబర్లు దగ్గు వచ్చినట్టు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అయినా ప్రెసిడెంటు వెనక్కి తగ్గలేదు. ఆదివారం ఊరంతా ట్రాక్టరు మీద మద్దులపాలెం వెళ్లాలి, గునపాలతో గట్టు తవ్వాలి, గొట్టం పీకాలి, అడ్డం వస్తే తేల్చుకోవాలి. ఇదీ ఆయన పథకం. దానికి ముందు జనం మద్దతు కావాలి కాబట్టి బడి ఆవరణలో సభ పెట్టించాడు.

సభకు జనం బాగానే వచ్చారు, ఇళ్లల్లో కరెంటు లేదు కాబట్టి. మైకుసెట్టు ఖయ్యూమ్‌ది, బ్యాటరీ మీద నడిచేది. ఊళ్లో ఏ పెళ్లికైనా, ఏ ఉత్సవానికైనా, ఏ ఎన్నికలకైనా ఖయ్యూమ్ మైకే మాట్లాడాలి. ప్రెసిడెంటు మైకు అందుకుని, వేలు పైకెత్తి, టీవీలో చూసినట్టే కాసేపు ఎవరి వంకా చూడకుండా నిలబడ్డాడు.

"సోదరులారా! సోదరీమణులారా! ఇది నీళ్ల సమస్య కాదు. మన పౌరుషం సమస్య!"

"మరి నీళ్లెప్పుడొస్తాయండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"పౌరుషం ముందు. నీళ్లు దాని వెనకాలే వస్తాయి!"

జనంలో కదలిక వచ్చింది. అయితే అది పౌరుషం వల్ల వచ్చింది కాదు, దోమల వల్ల. ప్రెసిడెంటు గొంతు పెంచాడు. "ఆదివారం నా వెంట మద్దులపాలెం మీదికి ఎవరొస్తారో చేతులెత్తండి!"

ఎవరూ ఎత్తలేదు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. చివరికి పుల్లయ్య లేచాడు. ఆయనే ప్రెసిడెంటు ట్రాక్టరు నడిపేది.

"నాకేం అభ్యంతరం లేదండీ. కానీ మా పెద్దకోడలిది మద్దులపాలెం. వాళ్ల నాన్న తలకాయ పగలగొట్టి వచ్చి ఆ పిల్ల చేతి అన్నం ఎట్టా తినమంటారు?"

అది విని ఇంకొకాయన లేచాడు. ఆయన చెల్లెల్ని ఆ ఊరే ఇచ్చారు. మూడో ఆయన బావమరిది అక్కడే ఉన్నాడు. లెక్క తీస్తే మద్దులపాలెంలో చుట్టం లేని ఇల్లు ఏలేటిపర్రులో లేదని తేలింది. సుబ్బరత్నం కూడా లేచింది.

"నాకు చుట్టాలెవరూ లేరు. కానీ మా గేదె చూలుతో ఉంది. దున్న ఆ ఊరిదే. రేపు దూడ పుడితే మొహం ఎట్టా చూపించాలండీ?"

సభ గొల్లుమంది. ప్రెసిడెంటు ఆఖరి ఆశగా కుర్రాళ్ల వైపు తిరిగాడు. యూత్ క్లబ్బు నాయకుడు సాయిగణేష్ చెవి వెనక గోక్కుంటూ నిలబడ్డాడు. "మేం వస్తామండీ, మాకు భయమేం లేదు. కానీ ఆదివారం వాళ్లతో మాకు క్రికెట్ మ్యాచుంది. యుద్ధం సోమవారం పెట్టుకుంటే బాగుంటదండీ."

ఆ మాటతో సభ ముగిసింది. ప్రెసిడెంటు మైకు కింద పెట్టేశాడు గానీ ఖయ్యూమ్ దాన్ని ఆపడం మరిచిపోయాడు. "దరిద్రగొట్టు ఊరు" అన్న మాట కాలువ అవతలి పొలాల దాకా వినపడింది.

మర్నాటి నుంచి ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరూ కాదనలేదు. మజ్జిగ ఇచ్చారు, మంచం వేశారు, "మీరు చెప్పింది నిజమేనండీ" అన్నారు. ఆదివారం సంగతి ఎత్తగానే ఒకరికి నడుం పట్టేసింది, ఒకరికి గుణదల కొండకు మొక్కు గుర్తొచ్చింది, ఇంకొకరికి మంగళగిరిలో చీర మార్చుకురావాల్సిన పని తగిలింది. బెల్లం కొట్టిన రాయిలా ఊరంతా ఆయన వంక చూసింది. ఇల్లు చేరేసరికి ఆయన కండువా తడిసి ముద్దయింది.

ఛాయాదేవి వంటింట్లో మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. మొగుడి మొహం చూసి మంచినీళ్లు ఇచ్చింది.

"నువ్వైనా చెప్పు. నేను చేసేది తప్పా?" అన్నాడాయన.

"నేనెప్పుడైనా మిమ్మల్ని తప్పన్నానా? వెళ్లండి, శుభ్రంగా యుద్ధం చేసి రండి. వెళ్లేటప్పుడు మాత్రం ఈ ఆవకాయ జాడీ మా అక్కకి ఇవ్వండి."

"యుద్ధానికెళ్తూ జాడీ పట్టుకెళ్లేదేంటే?"

"యుద్ధమయ్యాక ఆ వైపు ఎవరెళ్తారు? మాటలుండవుగా. ముందే ఇచ్చేస్తే గొడవ లేదు."

ఆయన ఆమె మొహం పరీక్షగా చూశాడు. వెటకారం ఎక్కడా కనిపించలేదు. అదే ఆయనకు అన్నిటికన్నా అనుమానంగా అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం ఖయ్యూమ్ వచ్చాడు. తెల్ల లాల్చీ వేసుకుని, చేతిలో మిఠాయి పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వచ్చింది వేరే పని మీద. వాళ్లమ్మాయి హఫ్సాను మద్దులపాలెంలోనే ఇచ్చారు. ఆ పిల్లకు కూతురు పుట్టింది. ఆదివారం అత్తారింట్లో అఖీఖా పెట్టుకున్నారు. పసిబిడ్డ పుట్టెంట్రుకలు తీసి, పేరు పెట్టి, మేకను కోసి నలుగురికీ భోజనం పెట్టే వేడుక. ఏలేటిపర్రులో కావాల్సిన వాళ్లందరినీ పిలవడం అయిపోయింది. ప్రెసిడెంటు గారిల్లే మిగిలింది. ఇలాంటి సమయంలో ఎలా పిలవాలో తెలియక ఖయ్యూమ్ చివరిదాకా వాయిదా వేశాడు.

ఆయన నోరు తెరిచేలోపే ప్రెసిడెంటు అందుకున్నాడు. "సమయానికొచ్చావు ఖయ్యూమ్! రేపు నీ రిక్షాకి మైకు కట్టి ఊరంతా తిరగాలి. ఆదివారం మద్దులపాలెం తరలి రమ్మని చెప్పాలి."

"ఆదివారమేనాండీ?"

"ఆదివారమే. ఏం?"

ఖయ్యూమ్ చేతిలోని మిఠాయి పెట్టె వంక చూసుకున్నాడు. "ఏం లేదండీ. ట్రాక్టరు ఎన్నింటికండీ?"

"ఎనిమిదింటికి."

"ఆడవాళ్లు కూడా ఎక్కొచ్చాండీ?"

"ఎక్కాలి! వీరనారులు!"

"పిల్లలు?"

"పిల్లలూ రావాలి. రేపు వాళ్ల పిల్లలకు చెప్పుకోవద్దూ!"

"మరి తిరిగి ట్రాక్టరులోనే తీసుకొస్తారాండీ?"

"గెలిచి తీసుకొస్తా" అన్నాడు ప్రెసిడెంటు.

ఖయ్యూమ్ మిఠాయి పెట్టె అరుగు మీద పెట్టాడు. "మనవరాలు పుట్టిందండీ" అన్నాడు. "శుభం, శుభం" అంటూ ప్రెసిడెంటు ఒక ముక్క నోట్లో వేసుకుని గట్టు మ్యాపు గీసుకోవడంలో పడ్డాడు. ఖయ్యూమ్ వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఛాయాదేవికి ఏదో చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

శనివారమంతా రిక్షా ఊళ్లో తిరిగింది. ప్రెసిడెంటు వీధిలో మైకు గంభీరంగా పలికింది: "మన నీళ్ల కోసం, మన పౌరుషం కోసం, ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు మద్దులపాలెం తరలి రండి!" సందు తిరిగాక అదే గొంతు కాస్త మెత్తబడింది: "ప్రెసిడెంటు గారు దయతో ట్రాక్టరు ఏర్పాటు చేశారు. ఎండన పడి నడవక్కర్లేదు. మా హఫ్సా ఇంట్లో భోజనాలు. మాంసం తినని వాళ్లకు వేరే వంటవాళ్లున్నారు. తిరుగు ప్రయాణం కూడా ఉచితం!" ప్రెసిడెంటుకు మొదటి సగమే వినపడింది. ఖయ్యూమ్ అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు.

ఆదివారం ఉదయం ప్రెసిడెంటు ఖద్దరు చొక్కా వేసుకుని, పంచె బిగించి బయటికొచ్చాడు. మహా అయితే పుల్లయ్యా తనూ ఉంటామనుకున్నాడు. ట్రాక్టరు చుట్టూ చూసేసరికి కాళ్లు ఆగిపోయాయి. ట్రక్కు నిండిపోయి జనం కింద కూడా నిలబడి ఉన్నారు. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకున్నారు, తలలో మల్లెపూలు పెట్టుకున్నారు. మగవాళ్లు ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. సాయిగణేష్ జట్టు జట్టంతా బ్యాట్లతో సహా హాజరైంది.

ఈ ఊరినా తను దరిద్రగొట్టు ఊరన్నది? చావుకు తెగించి వెళ్తూ కూడా పండక్కి తయారైనట్టు తయారయ్యారు. కళ్ల నీళ్లు కనపడకుండా కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ ఉయ్యాల ఎందుకమ్మా?" అన్నాడు, సుబ్బరత్నం చంకలో ఉన్న స్టీలు ఉయ్యాల చూసి.

"అక్కడ ఇవ్వాల్సింది ఉందండీ" అంది సుబ్బరత్నం.

ఆవేశంలో ఉన్న మనిషికి ఉయ్యాల గురించి ఆలోచించే తీరిక ఉండదు. ఆయన ట్రక్కు ముందుభాగాన ఎక్కి నిలబడ్డాడు. ఛాయాదేవి కూడా జాడీ ఒళ్లో పెట్టుకుని ఎక్కి కూర్చుంది. నాలుగు గునపాలు, రెండు పారలు ఆయనే స్వయంగా ఎక్కించాడు. పుల్లయ్య ట్రాక్టరు కదిలించాడు. దారి పొడుగునా ప్రెసిడెంటు "మన నీళ్లు!" అంటే జనం "మనకే!" అని గొంతులు చించుకున్నారు. ఆకలితో ఉన్నవాళ్లు అంత గట్టిగా అరవగలరని ఆయనకు అప్పుడు తెలియదు.

మద్దులపాలెం పొలిమేర దాటగానే మసాలా వాసన గుప్పుమంది. మలుపు తిరిగితే రంగురంగుల షామియానా. దాని కింద కుర్చీలు, పొయ్యి మీద పెద్ద డేగిసా. ఎదురుగా ఖయ్యూమ్, ఆయన భార్య నజీమా, వియ్యంకుడు చేతులు జోడించి నిలబడ్డారు.

"రండి, రండి! ప్రెసిడెంటు గారూ, దయచేయండి!"

ట్రాక్టరు ఆగిందో లేదో ట్రక్కు ఖాళీ అయింది. వీరనారులు పసిబిడ్డ ఉన్న గదిలోకి దూసుకుపోయారు. బిడ్డ పేరు ఇల్మా అట. యువసేన వరసగా కుర్చీలు ఆక్రమించింది. పుల్లయ్య ట్రాక్టరు తాళం జేబులో వేసుకుని వాళ్ల కోడలి తండ్రిని కావలించుకున్నాడు. ఒక్క నిమిషంలో ట్రక్కు మీద ప్రెసిడెంటు, నాలుగు గునపాలు, రెండు పారలు మిగిలాయి.

ఆయనకు విషయం మెల్లగా ఎక్కింది. ఎక్కినకొద్దీ చెవులు వేడెక్కాయి. వెనక్కి వెళ్లిపోదామంటే తాళం లేదు. దిగుదామంటే మొహం లేదు. అంతలో జనంలోంచి బసవయ్య, వెనకాల సీతమ్మ వచ్చారు. బసవయ్య మొహం విప్పారిపోయింది.

"తమ్ముడూ! నువ్వూ వస్తావని అనుకోలేదయ్యా! దిగు, దిగు!"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు రామకోటేశ్వరరావు. గునపం ఒకటి చేతబట్టి నిటారుగా నిలబడ్డాడు. "నేను భోజనానికి రాలేదు అన్నయ్యా. యుద్ధానికొచ్చాను."

అందరూ ఇటు తిరిగారు. గరిటె పట్టుకున్న వంటవాడు కూడా తలెత్తి చూశాడు. బసవయ్య గునపం వంక చూశాడు, తమ్ముడి వంక చూశాడు, డేగిసా వంక చూశాడు.

"భోజనాలయ్యాక చేద్దామా?" అన్నాడు.

ప్రెసిడెంటు ససేమిరా అన్నాడు. కిందికి దిగి వేపచెట్టు నీడలో గునపాలకు కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. నజీమా వచ్చి బతిమాలింది, రాలేదు. సీతమ్మ వచ్చి కోప్పడింది, కదల్లేదు. చివరికి ఛాయాదేవి విస్తరి పట్టుకొచ్చి చేతిలో పెట్టింది. బిర్యానీ వేడిగా ఉంది, పక్కన పెరుగు చట్నీ ఉంది. కూర్చుని తింటే లొంగిపోయినట్టు అవుతుందని ఆయన నిలబడే తిన్నాడు. రెండోసారి వడ్డించినప్పుడు కూడా నిలబడే తిన్నాడు.

భోజనాలయ్యాక బసవయ్యే వచ్చి చెయ్యి కడుక్కోవడానికి చెంబు అందించాడు. "పద తమ్ముడూ. ఆ గొట్టమేదో చూద్దాం. మా గట్టు మీద నీకిష్టమైన చోట తవ్వుకో."

రెండు ఊళ్ల జనం భుక్తాయాసంతో కాలువ గట్టు వెంట బయల్దేరారు. ప్రెసిడెంటు చేతిలో మ్యాపు. ఒకచోట ఆగి, "ఇక్కడ" అన్నాడు. కుర్రాళ్లు తవ్వారు. మట్టి తప్ప ఏమీ రాలేదు. ఇంకో చోట చూపించాడు. ఎలక బొరియ బయటపడింది. మూడో చోట గునపం ఠంగుమంది.

"చూశారా!" అని ప్రెసిడెంటు గట్టు అదిరేలా అరిచాడు. అందరూ మూగారు. సాయిగణేష్ వంగి చేతులతో మట్టి తోశాడు. గుండ్రంగా, నల్లగా ఏదో కనిపించింది. నలుగురు పట్టి పైకి లాగారు.

అది రుబ్బురోలు.

మద్దులపాలెం ముసలమ్మ ఒకావిడ జనాన్ని తోసుకుని వచ్చింది. "అయ్యో, ఇది మా అత్తగారి రోలు! ఉప్పెన వచ్చిన ఏడు కొట్టుకుపోయింది! ఎన్నాళ్లకు కనిపించావే తల్లీ!" అంటూ దాన్ని వాటేసుకుంది. ప్రెసిడెంటుకు దండం కూడా పెట్టింది. ఆయన జీవితంలో అంత ఇబ్బందిగా ఎవరి దండమూ అందుకోలేదు.

ఇక వెతుకులాట మానేసి అలా దిగువకు నడిచారు. రెండు ఊళ్ల పొలిమేర దగ్గర కాలువ మీద చిన్న కల్వర్టు ఉంది. రోడ్డు అటు పోదు కాబట్టి వేసవిలో అక్కడికి ఎవరికీ పని ఉండదు. అక్కడికి చేరేసరికి ముందు నడుస్తున్నవాళ్లు ఆగిపోయారు.

కల్వర్టుకు ఎగువన కాలువ నిండుగా ఉంది. దిగువన బురద. మధ్యలో గుర్రపుడెక్క, నీలం పూలతో, పచ్చని పరుపులా, మనిషి నిలబడినా మునగనంత దట్టంగా తూములకు అడ్డం పడి ఉంది. సరిహద్దు రాయి కొద్దిగా ఎగువన కనిపిస్తోంది. అంటే కల్వర్టు ఏలేటిపర్రుది. దాన్ని బాగు చేయించాల్సింది ఏలేటిపర్రు పంచాయతీ. అంటే ప్రెసిడెంటు.

అందరూ ఆయన వంక చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే కాస్త బాగుండేది. రామకోటేశ్వరరావు చేతిలో మ్యాపు చెమటకు మెత్తబడిపోయింది. ఊరందర్నీ తిప్పింది దీని కోసమా అనుకున్నాడు. వేలెత్తి చూపించడానికి ఎవరూ మిగల్లేదు.

సుబ్బరత్నం నడుమున కొంగు దోపుకుంది. "ఏంటండీ అట్టా చూస్తన్నారు? దొరికిందిగా దొంగ! ఇంత దూరం తీసుకొచ్చి ఇప్పుడు ఆలోచిస్తారేంటి, దిగండి!"

ఆ మాట ఆయనకు ప్రాణం పోసింది. పంచె ఎగ్గట్టి, ఖద్దరు చొక్కా విప్పి ఛాయాదేవికి ఇచ్చి, అందరికన్నా ముందు కాలువలోకి దూకాడు. నడుం లోతు నీళ్లు. మొదటి డెక్క మొక్కను వేర్లతో సహా లాగి గట్టు మీదికి విసిరాడు. అది సరిగ్గా సాయిగణేష్ తెల్ల ప్యాంటు మీద పడింది. దాంతో కుర్రాళ్లందరూ కేకలు వేస్తూ దూకారు. మద్దులపాలెం జట్టు చూస్తూ నిలబడుతుందా, వాళ్లూ దూకారు. గునపాలకు, పారలకు ఆ రోజు మొదటిసారి పని దొరికింది. పట్టుచీరల వాళ్లు గట్టు మీద నుంచి వియ్యాలవారి మీద వేళాకోళాలు ఆడుతూ, ఎవరు ఎక్కువ లాగారో తీర్పులు చెప్తూ కూర్చున్నారు.

ఎండ చల్లబడే వేళకు తూము నోరు తెరుచుకుంది. ముందు గుటకలు వేసింది, తర్వాత ఒక్కసారి ఘొల్లుమంటూ నీళ్లు కిందికి ఉరికాయి. రెండు ఊళ్లూ ఈలలు వేశాయి.

ప్రెసిడెంటు గట్టు మీద బురదతో చతికిలపడ్డాడు. బసవయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనా నిలువెల్లా బురదే. కాసేపు ఇద్దరూ నీళ్లు చూశారు. తర్వాత బసవయ్య అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"తమ్ముడూ, ఒక్క మాట. దాచకుండా చెప్పు. ఇంతమంది జనాన్ని ఎట్టా కదిలించావు?"

రామకోటేశ్వరరావు తల తిప్పి చూశాడు. "ఏం అన్నయ్యా?"

"నేనూ నెల రోజుల నుంచి మొత్తుకుంటన్నా. మా పైన చిట్టిగూడెం ఉందిగా. దాని మీదికి పోదాం పదండంటే ఒక్కడు రావట్లేదు. మీటింగు పెట్టా, ఇల్లిల్లూ తిరిగా. ఒకడికి నడుం నొప్పంట, ఒకడికి గుణదల మొక్కంట. నువ్వేమో ట్రాక్టరు నిండా తెచ్చావు. అరుచుకుంటూ మరీ వచ్చారు!"

"చిట్టిగూడెం వాళ్లేం చేశారు?"

"దొంగ గొట్టం వేశారని నా అనుమానం."

"చిట్టిగూడెం ప్రెసిడెంటు నీకేమవుతాడు?"

బసవయ్య కొంచెం తటపటాయించాడు. "వియ్యంకుడు" అన్నాడు.

రామకోటేశ్వరరావుకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. పాతికేళ్లలో మొదటిసారి పెద్దల్లుడు తన దగ్గర సలహా అడుగుతున్నాడు. నిజం చెప్తే ఈ నిమిషం పోతుంది. అబద్ధం చెప్తే ఈ మనిషి మళ్లీ మీటింగు పెడతాడు, మళ్లీ పరువు పోగొట్టుకుంటాడు. అది చూడటం కూడా ఆనందమే. కానీ బురదలో కూర్చుని, చెవిలో పాచి తీగ వేలాడుతూ, ఆశగా తన వంక చూస్తున్న ఆ మొహం చూస్తే ఎందుకో మనసొప్పలేదు. బసవయ్య చెవిలో తీగ తీసి అవతల పారేశాడు.

"చిట్టిగూడెంలో మీ ఊరి ఆడపిల్లలు ఎవరైనా నీళ్లోసుకున్నారేమో కనుక్కో అన్నయ్యా. సీమంతం ఎప్పుడో అడుగు. యుద్ధం ఆ రోజే పెట్టు."

బసవయ్య కాసేపు బిత్తరపోయి చూశాడు. తర్వాత అర్థమైంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు చరుచుకుంటూ నవ్వడం మొదలుపెడితే, గట్టు అవతల నుంచి సీతమ్మ, ఛాయాదేవి కూడా ఆశ్చర్యపోయి చూశారు. "వీళ్లకేం పుట్టింది?" అంది సీతమ్మ.

పొద్దువాలుతుండగా ట్రాక్టరు తిరుగు ప్రయాణానికి సిద్ధమైంది. ప్రెసిడెంటు ఎక్కి కూర్చుని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. కుర్రాళ్లకు మ్యాచు మిగిలింది, రేపు ఆడతారట. సుబ్బరత్నం దున్న యజమానితో మాట్లాడాలట. మిగిలినవాళ్లను చుట్టాలు రాత్రి భోజనానికి ఆపేశారు. ఛాయాదేవి అక్క దగ్గర రెండు రోజులుండి వస్తానంది. బసవయ్య ఈయన్నీ ఉండమన్నాడు గానీ, చెరువులో నీళ్లు పడటం కళ్లారా చూడాలని ఈయన ఉండలేదు. పుల్లయ్యను కోడలి పుట్టింటి నుంచి దాదాపు లాక్కురావాల్సి వచ్చింది. ఖాళీ ట్రక్కు దారంతా గడగడలాడింది.

ఏలేటిపర్రు చేరేసరికి చెరువులోకి నీళ్లు పడుతున్నాయి. ఎక్కడికీ కదల్లేని ముసలివాళ్లు నలుగురు గట్టు మీద చేరి ఆ చప్పుడు వింటున్నారు. బురదలో మునిగిన ప్రెసిడెంటు ఒక్కడే దిగడం చూసి వాళ్లలో ఒక అవ్వ హడలిపోయింది.

"జనమేరి బాబూ? అంతమంది వెళ్లారుగా?"

"అక్కడే ఉన్నారవ్వా. మద్దులపాలెం మొత్తం ఇప్పుడు మనవాళ్ల చేతిలోనే ఉంది."

"ఎవరికీ దెబ్బలు తగల్లేదు గదా?"

రామకోటేశ్వరరావు చెరువు మెట్టు మీద కూర్చుని, బొబ్బలెక్కిన చేతులు కొత్త నీళ్లలో ముంచాడు. చల్లగా ఉన్నాయి.

"లేదవ్వా. కాస్త ఎక్కువ తిన్నారు, అంతే."